పొడి చోటు

కొత్తపేటలో కారు ఆపాలంటే
ముందు కారు లేని మనిషిగా పుట్టాలి.
ఆ అదృష్టం నాకు మూడేళ్ళ కిందటే పోయింది.

పక్కసీట్లో బ్లేడు తెగిన మిక్సీ జార్.
మనిషనుకుని, బెల్టు పెట్టుకోలేదని
కారు కుయ్ కుయ్‌మంటోంది.
ఒంటిగంటన్నరకల్లా రిపేరు కొట్టు వెంకటరత్తయ్య
షట్టరు దించి అన్నానికి పోతాడు.
ఇప్పుడు పన్నెండూ ముప్పావు.

మొదటి చుట్టు.
ఖాళీ అనుకున్న ప్రతిచోటా ఎవరిదో సింహాసనం:
నాలుగో కాలు లేని ప్లాస్టిక్ కుర్చీ,
సిమెంటు పోసి పైపు గుచ్చిన రంగు డబ్బా,
రెండు ఇటుకలు, వాటి మీద ఒక చెప్పు.
ఆ ఒంటి చెప్పుని దాటే ధైర్యం
ఈ ఊళ్ళో ఏ ఇన్నోవాకీ లేదు.

డాక్టరుగారి గేటు మీద ఎర్ర పెయింటు:
"ఇచ్చట వాహనములు నిలిపిన గాలి తీయబడును."
ఎవరు తీస్తారో రాయలేదు.
వాక్యంలో కర్త లేనప్పుడే భయం ఎక్కువ.

రెండో చుట్టు.
మందుల షాపుల ముందు బైకులు
యార్డులో మిర్చి టిక్కీల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని.
ఆస్పత్రి వాచ్‌మన్ సుభానీ
నన్ను చూడగానే తల అడ్డంగా ఊపాడు.
నేనింకా అద్దం దించనే లేదు.
"పేషెంటుంటే చెప్పండి సార్, చోటు చూస్తా."
జార్ వైపు చూశాను.
చెప్పలేకపోయాను.

మూడో చుట్టులో, స్కానింగ్ సెంటర్ దగ్గర,
గోడకి మూతి పెట్టి ఆపిన తెల్ల ఆల్టో.
చేతిలో పెద్ద ఫిల్మ్ కవరుతో ఒకావిడ
తలుపు తీస్తోంది.

ఇండికేటరు వేశాను.
టిక్కు టిక్కు.
వెనక ఆటో, ఆటో వెనక పాలవ్యాను,
దాని వెనక నాకు కనిపించని లోకం,
అందరి హారన్లూ నా వీపు మీదే.

ఆవిడ కూర్చుంది. తలుపు వేసుకుంది.
కవరు తెరవలేదు. తాళం తిప్పలేదు.
స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి
గోడను చూస్తోంది.
గోడ మీద ఏముందని?
మొలలకు శాశ్వత పరిష్కారం,
సగం చిరిగిన గ్రూప్-టూ కోచింగు.

చినుకులు మొదలయ్యాయి.
వైపరు కూడా వెయ్యలేదావిడ.

నా బొటనవేలు హారన్ మీదే ఉంది.
ఏమని కొట్టను?
త్వరగా ఏడవండి, నాకు మిక్సీ పనుంది, అనా?
అసలు ఏడుస్తోందని ఎవరు చెప్పారు.
నవ్వుతోందేమో. డబ్బు లెక్కలు వేసుకుంటోందేమో.
అద్దం మీద నీళ్ళు, లోపల ఒక ఆకారం.
నాకు తెలిసింది అంతే.

ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది.
ఒక వేలు ఎత్తింది.
ఒక్క నిమిషం.
వేలు వణికిందో
వానకి అలా కనిపించిందో.

ఇండికేటరు ఆపేశాను.
పక్కనుంచి దూసుకుపోతూ ఆటోవాడు
మా వంశం గురించి ఏదో అన్నాడు.

నాలుగో చుట్టు కావాలనే పెద్దది చేశాను.
అరండల్‌పేట దాకా పోయి
లైన్లూ అడ్డరోడ్లూ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ
ఒకచోట నిజంగానే ఖాళీ కనిపించినా
ఆగలేదు.
ఎందుకని అడిగితే మా ఇంట్లో చెప్పలేను.

తిరిగొచ్చేసరికి ఒంటిగంటా ముప్ఫయ్యైదు.
ఆల్టో లేదు.
తడిసి నల్లబడ్డ రోడ్డు మీద
కారంత పొడవున, కారంత వెడల్పున
బూడిదరంగు పొడి చోటు.
అంచుల్నుంచి చినుకులు దాన్ని తినేస్తున్నాయి.

సుభానీ పరుగున వచ్చి విజిలు ఊదాడు.
"రండి సార్ రండి, రైటుకి, ఇంకా రైటుకి..."

పెట్టాను. పెట్టకేం చేస్తాను.
వెంకటరత్తయ్య ఈపాటికి పప్పు కలుపుకుంటూ ఉంటాడు.
ఇంజను ఆపి
గోడను చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి వెనక ఎవరో
ఇండికేటరు వేశారు,
నేను వెళ్ళిపోతున్నాననుకుని.